చదువుకుంటూ ఆటల రంగంలో పార్ట్‌టైమ్ పని: ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగింది ఇదీ: డిగ్రీ రెండో సంవత్సరం, కామర్స్. ఆటలంటే ప్రాణం, కానీ స్కూల్ జట్టు దాటి ఆడలేదు. చదువయ్యాక ఆటల నిర్వహణ వైపు రావాలని ఉంది. వారానికి పది పన్నెండు గంటలు ఖాళీ దొరుకుతుంది. ఎదురుగా మూడు దారులున్నాయి. ఒక పెద్ద అంతర్జాతీయ టోర్నీలో రెండు వారాల వాలంటీర్ పని, ఆట సామాన్ల షోరూమ్‌లో జీతం ఉన్న పార్ట్‌టైమ్ ఉద్యోగం, దగ్గర్లోని చిన్న క్లబ్బులో శని, ఆదివారాలు దారి ఖర్చులు మాత్రమే ఇచ్చే పని. షోరూమ్ వాళ్లకు సోమవారంలోగా మాట చెప్పాలి. వీటిలో ఏది రేపు ఉద్యోగానికి పనికొస్తుంది?

నేను 19 ఏళ్లుగా ఈ రంగంలోనే ఉన్నాను. కాలేజీ రోజుల్లో క్రికెట్ స్కోరర్‌గా మొదలుపెట్టి, తర్వాత టోర్నీల నిర్వహణలోకి వచ్చాను. ఇప్పుడు మ్యాచ్ రోజు సిబ్బందినీ, ఇంటర్న్‌లనూ ఎంపిక చేసే బాధ్యత కూడా నాదే. నన్నడిగితే క్లబ్బుకే వెళ్లమంటాను. కానీ ఒక షరతు. అక్కడ మీ పేరు మీద ఒక పని ఉండాలి. మీరు ఆ శనివారం రాకపోతే ఆ పని ఆగిపోవాలి. అలాంటి పని ఇవ్వకుండా ఊరికే 'వచ్చి సాయం చేస్తూ ఉండు' అంటే మాత్రం ఆ క్లబ్బు వల్ల కూడా మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఎందుకో చెప్పాలంటే ముందు పెద్ద టోర్నీ సంగతి చూద్దాం. 2012 లండన్ ఒలింపిక్స్‌కు సుమారు 70,000 మంది వాలంటీర్లు పనిచేశారు. 2024 పారిస్‌లో దాదాపు 45,000 మంది. అందులో ఎక్కువమంది చేసింది ప్రేక్షకులకు దారి చూపించడం, కార్డులు చూసి లోపలికి పంపడం, క్యూలు సరిచేయడం. ఆ పనులు లేకపోతే టోర్నీ నడవదు, వాటిని నేను చిన్నచూపు చూడటం లేదు. కానీ ఇంటర్వ్యూలో 'అక్కడ మీరేం చేశారు?' అని అడిగితే ఆ పిల్లలకు రెండు వాక్యాలు దాటి చెప్పడానికి ఏమీ ఉండదు. రెండు వారాల్లో ఏ పనీ రెండోసారి, మూడోసారి, పదోసారి చేసే వీలు ఉండదు. పని అబ్బేది ఆ పదోసారికే.

అయినా వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఆ వాతావరణం ఒక్కసారైనా చూడాల్సిందే. దరఖాస్తులో విభాగం అడిగే చోట మాత్రం 'ఏదైనా పర్వాలేదు' అని పెట్టకండి. ఫలితాల విభాగం, మీడియా సెంటర్, డోపింగ్ పరీక్షల విభాగం అడగండి. డోపింగ్ విభాగంలో షాపరోన్ అనే పని ఉంటుంది. పరీక్షకు ఎంపికైన క్రీడాకారుడికి ఆ సంగతి తెలియజేసిన క్షణం నుంచి పరీక్షా కేంద్రంలో అప్పగించేదాకా ఒక్క నిమిషం కూడా కంటి చూపు దాటనివ్వకుండా వెంట ఉండాలి. పతకం అందుకోవడానికి వెళ్లినా, విలేకరులతో మాట్లాడుతున్నా పక్కనే ఉండాలి. ఓడిపోయి ఏడుస్తున్న మనిషి వెనకే నడుస్తూ మర్యాద తప్పకుండా, నిబంధన తప్పకుండా ఉండటం ఎలాగో అక్కడ నేర్చుకున్నవాళ్లు ఏ టోర్నీలోనైనా నెగ్గుకొస్తారు. ఈ పనికి మైనర్లను తీసుకోరు, ముందుగా శిక్షణ ఇస్తారు.

షోరూమ్ విషయం. ఇంటి అవసరాలకో, ఫీజుకో డబ్బు కావాలంటే మొహమాటపడకుండా అదే తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. అప్పుడు కూడా బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఆగిపోకండి. రాకెట్లకు తీగలు బిగించే యంత్రం ఉంటే దాని దగ్గర నిలబడండి. తీగ బిగువును పౌండ్లలో కొలుస్తారు. బిగువు పెరిగేకొద్దీ షాట్ మీద అదుపు పెరుగుతుంది, రాకెట్ ఇచ్చే ఊపు తగ్గుతుంది. బిగించిన గంటల్లోనే ఆ బిగువు కొంత సడలుతుంది కూడా. పెద్ద టెన్నిస్, బ్యాడ్మింటన్ టోర్నీల్లో దీనికోసమే ప్రత్యేకంగా బృందాలు ఉంటాయి. రాకెట్ల కొట్లో నేర్చుకున్న ఈ ఒక్క పనితో టోర్నీల్లోకి వచ్చినవాళ్లను నేను చూశాను.

ఇక క్లబ్బు. నా కథలో ఒక రోజు చెబితే నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానో అర్థమవుతుంది.

క్రికెట్ నిబంధనలు మొత్తం 42. అందులో మూడోది స్కోరర్లది. ఇద్దరు స్కోరర్లు ఉండాలి, ఇద్దరి లెక్కలూ ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి, అంపైర్ ఇచ్చే ప్రతి సంకేతానికీ 'చూశాం' అని జవాబు సంకేతం ఇవ్వాలి. నేను రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు ఒక క్లబ్బు మ్యాచ్‌కు స్కోరు రాస్తున్నాను. పక్కన అరవై దాటిన పెద్దాయన, రెండో స్కోరర్. ఇన్నింగ్స్ ముగిసింది, 187. నా పుస్తకంలో బ్యాటర్ల పరుగులు, ఎక్స్‌ట్రాలు కలిపితే 187. బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్ బైలు (బ్యాటుకు తగలని బంతికి తీసిన పరుగులు, ఇవి బ్యాటర్ ఖాతాలోనూ బౌలర్ ఖాతాలోనూ పడవు) కలిపినా 187. అన్నీ సరిపోయాయని పెన్ను మూతపెట్టాను. ఆయన మాత్రం తన పుస్తకం నా పుస్తకం పక్కన పెట్టి, మూడో బ్యాటర్ దగ్గర వేలు ఆపారు. నా దగ్గర అతను 50, ఆయన దగ్గర 49.

అప్పటికే స్కోరు బోర్డు మీద 50 పడింది, బోర్డు కుర్రాడు నా పుస్తకం చూసే అంకెలు పెట్టాడు మరి. ఆ బ్యాటర్ బ్యాటు ఎత్తాడు, జట్టంతా చప్పట్లు కొట్టింది, తర్వాతి ఓవర్లోనే అతను అవుటయ్యాడు. ఇద్దరం ఓవర్ ఓవర్ వెనక్కి చూసుకుంటూ వెళితే 34వ ఓవర్లో దొరికింది. అంపైర్ మోకాలు ఎత్తి చేత్తో తట్టి లెగ్ బై చూపించాడు. ఆ క్షణంలో నేను తల దించుకుని ముందు బంతి రాస్తున్నాను. పెద్దాయన చెయ్యి ఎత్తారు కాబట్టి అంపైర్ ఆట కొనసాగించాడు. నేను పరుగు తీయడం మాత్రమే చూసి దాన్ని బ్యాటర్ ఖాతాలో వేశాను. లెగ్ బైని బ్యాటర్ పరుగుగా రాస్తే బ్యాటర్‌కు ఒకటి పెరుగుతుంది, ఎక్స్‌ట్రాల్లో ఒకటి తగ్గుతుంది, బౌలర్‌కు ఒకటి పెరుగుతుంది. మొత్తం మారదు. అందుకే నా లెక్కలన్నీ సరిపోయాయి, అయినా తప్పే.

విరామంలో అంపైర్‌ను అడిగాం, లెగ్ బై అనే అన్నాడు. దిద్దిన సంగతి జట్టు మేనేజర్‌కు, ఆ బ్యాటర్‌కు నన్నే వెళ్లి చెప్పమన్నారు పెద్దాయన. నేను గొంతు తడారిపోయి చెబితే ఆ బ్యాటర్ కాసేపు ఏమీ అనలేదు. అది అతనికి ఆ సీజన్‌లో మొదటి అర్ధ సెంచరీ అయ్యేది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు తర్వాత అంపైర్ వైపు చూడకుండా నేను పెన్ను కాగితం మీద పెట్టలేదు.

పెద్ద స్టేడియంలో నేను టికెట్లు చింపుతూ ఉంటే ఇది నాకు ఎప్పటికీ జరిగేది కాదు. చిన్న క్లబ్బులో మనుషులు తక్కువ, అందుకే 19 ఏళ్ల కుర్రాడి చేతికి కూడా నిజమైన పని వస్తుంది. తప్పు జరిగితే ఎవరి మీద పడుతుందో కళ్లారా కనిపిస్తుంది. దిద్దే పెద్దవాళ్లు పక్కనే ఉంటారు. పైగా వచ్చే శనివారం అదే పని మళ్లీ ఉంటుంది.

క్లబ్బులో ఏ పని అడగాలి? క్రికెట్ అయితే స్కోరింగ్. బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ లాంటివైతే టోర్నీ రోజుల్లో మ్యాచ్ కంట్రోల్ టేబుల్. ఏ కోర్టులో ఏ మ్యాచ్, ఎవరిని ఎప్పుడు పిలవాలి, ఎవరు రాలేదు, ఏ ఫలితం డ్రాలో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టికలో, ఎక్కించాలి, అంతా ఆ బల్ల దగ్గరే తేలుతుంది. ఒకసారి ఇంటర్న్ పోస్టుకు వచ్చిన అమ్మాయి బయోడేటాలో ఆటల గురించి ఉన్నది ఒకే ఒక్క వరుస, రెండు సీజన్లు ఆ టేబుల్ చూసుకున్నానని. ఏ రోజు బాగా టెన్షన్ పడ్డావని అడిగాను. ఒకే ఆటగాడు సింగిల్స్‌లోనూ డబుల్స్‌లోనూ సెమీఫైనల్‌కు రావడం, సింగిల్స్ మూడో గేమ్‌కు సాగడం, డబుల్స్ భాగస్వామి వచ్చి గొడవ పెట్టుకోవడం చెప్పింది. అప్పుడు ఆమె మహిళల సెమీఫైనల్‌ను ముందే ఆడించి, ఆ కోర్టు ఖాళీగా ఉండకుండా, ఆ ఆటగాడికి విశ్రాంతి దొరికేలా చేసింది. అంతకుముందే రెండు వైపుల కోచ్‌లకూ వెళ్లి చెప్పి ఒప్పించింది. ఆ తర్వాతి రోజు నుంచి రెండు విభాగాల్లో ఆడేవాళ్ల పేర్ల పక్కన పొద్దున్నే ఎర్ర చుక్క పెట్టుకునేదట. ఆ ఎర్ర చుక్క మాట వినగానే ఎంపిక అయిపోయింది. మిగతా ప్రశ్నలు మర్యాద కోసం అడిగాను.

అథ్లెటిక్స్‌లో అయితే కాల్ రూమ్ (పోటీకి ముందు క్రీడాకారులను పిలిచి సరిచూసే గది) లేదా ఫలితాల బల్ల. చెస్ట్ నంబర్, హీటు (తొలి రౌండ్ పరుగు), లేను మూడూ సరిపోయాయో లేదో చూడటం తేలికగానే కనిపిస్తుంది. రెండు పేర్లు తారుమారైతే ఏమవుతుందో మొదటి మీట్‌లోనే తెలిసిపోతుంది. గాలి కొలత ఎందుకు రాస్తారో కూడా అక్కడే అర్థమవుతుంది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే 200 మీటర్లు, అంతకంటే తక్కువ దూరం పరుగుల్లోనూ, లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్‌లోనూ ఆ ప్రదర్శన రికార్డు కింద చెల్లదు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఒక పిల్ల ఏడాది కష్టం కాగితం మీద లేకుండా పోతుంది.

ఫుట్‌బాల్, హాకీ, బాస్కెట్‌బాల్ క్లబ్బుల్లో వీడియో పనికి ఎప్పుడూ మనిషి దొరకడు. కెమెరాను మైదానం మధ్య గీతకు ఎదురుగా, వీలైనంత ఎత్తులో పెట్టండి. బంతి వెంట పరుగులు పెట్టించకుండా వెడల్పుగా తీయండి. కోచ్‌కు కావలసింది బంతి లేని ఆటగాళ్లు ఎక్కడున్నారన్నది. మ్యాచ్ మొదలైన నిమిషం, కార్నర్లు, షాట్లు, బంతి పోగొట్టుకున్న చోట్లు సమయాలతో రాసిపెట్టుకుని, ఆ రాత్రికే పది పన్నెండు క్లిప్పులు పంపండి. గంటన్నర వీడియో మొత్తం పంపితే ఎవరూ చూడరు. ఎరిక్ స్పోల్‌స్ట్రా 1995లో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు మయామీ హీట్‌లో చేరింది వీడియో గదిలోకే. 2008లో అదే జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు, 2012, 2013ల్లో అక్కడి పెద్ద లీగ్ ఎన్‌బీఏ టైటిళ్లు గెలిపించాడు. తర్వాత పేరుమోసిన ఫుట్‌బాల్ కోచ్ అయిన జోసె మౌరీన్యో 1992లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ క్లబ్బులో ఇంగ్లిష్ కోచ్ బాబీ రాబ్సన్‌కు దుబాసీగా చేరాడు. కోచ్ మాటను ఆటగాళ్ల భాషలోకి మార్చాలంటే ముందు ఆ మాట వెనకున్న ఆట తనకు అర్థం కావాలి కదా. అందరూ ఇలా అవుతారని చెప్పడం లేదు. కోచ్ ఆలోచన దగ్గరగా వినిపించే చోట కూర్చుంటే ఎంత నేర్చుకోవచ్చో చెబుతున్నాను.

మీరు కామర్స్ విద్యార్థి కాబట్టి లెక్కల పని కూడా అడగండి. సభ్యుల ఫీజులు, టోర్నీ బడ్జెట్, స్పాన్సర్‌కు ఇచ్చిన మాటల జాబితా, ఇవన్నీ చిన్న క్లబ్బుల్లో ఎవరో ఒకరి బుర్రలోనే ఉంటాయి. స్పాన్సర్ బ్యానర్ ఒప్పుకున్న చోటే పడిందని తేదీతో ఫోటో తీసి, టోర్నీ అయ్యాక నాలుగు పేజీల రిపోర్టు పంపించే అలవాటు చేయండి. వచ్చే ఏడాది ఆ స్పాన్సర్ తిరిగి వస్తే అది మీ పనికి రుజువు. గణాంకాల మీద ఆసక్తి ఉంటే క్రిక్‌షీట్ వెబ్‌సైట్‌లో క్రికెట్ మ్యాచ్‌ల వివరాలు బంతి బంతికీ ఉచితంగా దొరుకుతాయి, ఫుట్‌బాల్‌కు స్టాట్స్‌బాంబ్ అనే సంస్థ కొన్ని పోటీల డేటాను ఉచితంగా ఇస్తోంది. వాటితో సాధన చేయండి, కానీ పనికొచ్చే ప్రశ్న మాత్రం మీ క్లబ్బు కోచ్ నుంచే తీసుకోండి.

మైదానంలో ఉండే ధైర్యం ఉంటే రిఫరీ, అంపైర్, లైన్ జడ్జి కోర్సుల వైపు చూడండి. విద్యార్థులకు ఇంత అనువైన పని ఇంకొకటి లేదని నా అభిప్రాయం, అయినా ఎక్కువమంది దీని జోలికే పోరు. చాలాచోట్ల మ్యాచ్‌కు ఇంత అని డబ్బు వస్తుంది, వారాంతాల్లోనే ఉంటుంది, పరీక్షలప్పుడు మానుకోవచ్చు. ఫుట్‌బాల్ నిబంధనలు 17 మాత్రమే, ఒక నెల కూర్చుంటే వచ్చేస్తాయి. రాని పని ఏమిటంటే, ఇరవై రెండు మంది మీద పడి అరుస్తున్నప్పుడు గొంతు పెంచకుండా నిర్ణయం చెప్పడం. అది మైదానంలోనే వస్తుంది.

ప్రథమ చికిత్స, సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టే పద్ధతి) శిక్షణ కూడా తీసుకోండి. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. పెద్దవాళ్లకైతే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు ఛాతీ నొక్కాలి. చదివినప్పుడు సులువనిపిస్తుంది, బొమ్మ మీద రెండు నిమిషాలు చేసేసరికి చేతులు పడిపోతాయి. అందుకే ముందే చేసి ఉండాలి. గుండె ఆగిన మనిషికి షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం మీ మైదానంలో ఎక్కడుందో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

రెండు విషయాల్లో మాత్రం ఒక్కసారి జారితే ఈ రంగంలో మళ్లీ నిలబడటం కష్టం. ఒకటి బెట్టింగ్. టెన్నిస్‌లో చిన్న టోర్నీల్లో స్కోరును కావాలని ఆలస్యంగా ఎక్కించి బెట్టింగ్ వాళ్లకు సాయపడినందుకు చైర్ అంపైర్ల మీదే నిషేధాలు పడ్డాయి. డబ్బు తీసుకుంటేనే తప్పు అనుకోకండి. 'ఇవాళ మీ కీపర్ ఆడుతున్నాడా? గాయమని విన్నాను' అని స్నేహితుడు మెసేజ్ పెడితే, మీకు తెలిసింది చెప్పడం కూడా లోపలి సమాచారం బయటపెట్టడమే. జవాబు ఇవ్వకండి, క్లబ్బులో పెద్దవాళ్లకు చెప్పండి. రెండోది పిల్లలు. పిల్లలకు శిక్షణ ఇచ్చే చోట పనిచేస్తే ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ గదిలో ఒంటరిగా ఉండకండి. విడిగా మెసేజ్‌లు పెట్టకండి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫోటోలు ఎక్కడా పెట్టకండి. మీ గురించి విచారణ చేసి కాగితాలు అడిగితే నొచ్చుకోవద్దు, అడగని చోటనే అనుమానపడాలి.

డబ్బు గురించి కూడా సూటిగా చెబుతాను. నేర్చుకునే రోజుల్లో ఒక సీజన్ దారి ఖర్చుల మీద పనిచేయడం సబబే. రెండో సీజన్‌కు కూడా అదే పని, అదే బాధ్యత, జీతం మాత్రం లేదంటే అడగండి, లేదా మానేయండి. ఇంటర్న్‌షిప్ ఇస్తామని మీ దగ్గరే డబ్బు కట్టించుకునేవాళ్ల దగ్గరికి అసలు పోకండి. నాకు చదువుకునే రోజుల్లో ఒక నిర్వాహకుడు మూడు టోర్నీల డబ్బు ఎగ్గొట్టాడు. ఎన్ని రోజులు, ఎంత, ఎప్పుడు ఇస్తారు అనేది కాగితం మీద కాకపోయినా కనీసం మెసేజ్‌లో రాయించుకుని ఉంటే అడగడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండేది.

విదేశంలో చదువుతూ ఇది చదివేవాళ్లు ముందు వీసా షరతులు చూసుకోండి. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసా మీద తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే. పైగా వృత్తి క్రీడాకారులుగా గానీ, స్పోర్ట్స్ కోచ్‌గా గానీ పనిచేయకూడదని విడిగా షరతు ఉంది. ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు, కెనడాలో కాలేజీ బయట వారానికి 24 గంటలు. 'జీతం లేదు కదా' అని క్లబ్బు వాళ్లు చెప్పినంత మాత్రాన అది వీసా లెక్కలోకి రాదని అనుకోకండి, యూనివర్సిటీలో అడిగాకే ఒప్పుకోండి.

క్లబ్బులో చేరిన రోజే మీ పరీక్షల తేదీలు చెప్పేయండి. పరీక్షల నెలలో రాననడం తప్పు కాదు, శుక్రవారం రాత్రి ఫోన్ చేసి రాననడం తప్పు. ప్రతి మ్యాచ్ తర్వాత ఐదు నిమిషాలు కూర్చుని తేదీ, చేసిన పని, ఎదురైన ఇబ్బంది, ఏం చేశారు అనేవి నోటుపుస్తకంలో రాసుకోండి. 'క్లబ్బులో సహాయం చేశాను' అని బయోడేటాలో రాస్తే నేను చదవను. '24 మ్యాచ్‌లకు స్కోరర్, సీజన్ మధ్య నుంచి కొత్తగా వచ్చిన ఇద్దరికి నేర్పాను' అని ఉంటే ఆ పుస్తకం ఎక్కడుందని అడుగుతాను. సీజన్ అయిపోగానే, మిమ్మల్ని చూసినవాళ్లకు పని గుర్తుండగానే, సిఫార్సు ఉత్తరం తీసుకోండి.

ఈ శనివారం మ్యాచ్‌కు గంట ముందే ఆ క్లబ్బుకు వెళ్లండి. ఆఫీసు గదిలోకి కాదు, మైదానం దగ్గరికి. చేతిలో ఫిక్చర్ల కాగితం పట్టుకుని, ఫోన్ మాట్లాడుతూ, అటూ ఇటూ తిరిగే మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ మనిషికి కాస్త ఊపిరి సలిపినప్పుడు, మ్యాచ్ రోజు ఏ పనికి మనిషి దొరకడం లేదో అడగండి. స్కోరనో, వీడియో అనో, టేబుల్ అనో ఏదో ఒక పని పేరు చెబితే ఆ రోజే దాని పక్కన కూర్చుని చూడండి. అలా ఏ పేరూ రాకపోతే, సోమవారం షోరూమ్ వాళ్లకు సరేనని చెప్పి, తీగలు బిగించే యంత్రం ఎవరు నేర్పుతారో అడగండి.